కార్పెట్ మీద పడుకోమనడం, టీవీ చూడనివ్వకపోవడం క్రూరత్వం కాదా? ఔరంగాబాద్ బెంచ్ తీర్పుపై చర్చ

చెరువుగట్టు:
2024 అక్టోబరులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ ఇచ్చిన తీర్పు మీద మా ఆఫీసులో లంచ్ టైములో మొదలైన వాదన సాయంత్రానికి కూడా తెగలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

కేసు ఇదీ. మహారాష్ట్రలో ఒక కోడలు ఆత్మహత్య చేసుకుంది. భర్త మీద, అత్తమామల మీద, మరిది మీద కేసు పెట్టారు. వంటకు వంకలు పెట్టి దెప్పేవాళ్లు, టీవీ చూడనిచ్చేవాళ్లు కాదు, గుడికి ఒంటరిగా వెళ్లనిచ్చేవాళ్లు కాదు, ఇరుగుపొరుగుతో కలవనిచ్చేవాళ్లు కాదు, కార్పెట్ మీద పడుకోబెట్టేవాళ్లు, చెత్త పారేయడానికి ఒక్కదాన్నే పంపేవాళ్లు, అర్ధరాత్రి నీళ్లు పట్టించేవాళ్లు. ఇవీ ఆరోపణలు. కింది కోర్టు పాత ఐపీసీలో భార్య మీద క్రూరత్వానికి ఉన్న 498ఏ, ఆత్మహత్యకు పురిగొల్పడానికి ఉన్న 306 సెక్షన్ల కింద శిక్ష వేసింది. అప్పీలు ఇరవై ఏళ్లు నడిచాక జస్టిస్ అభయ్ వాఘ్వాసే అందరినీ నిర్దోషులుగా వదిలేశారు. ఇవి ఇంటి వ్యవహారాలు, శారీరకంగా గానీ మానసికంగా గానీ క్రూరత్వం స్థాయికి రావు అన్నది సారాంశం.

నా ఉద్దేశంలో ఈ తీర్పు తప్పు. మీరేమంటారు?

ఒంటరి ఏనుగు:
కరెక్ట్ తీర్పు. టీవీ చూడొద్దన్నందుకు జైలంటే దేశంలో సగం మంది తండ్రులు లోపలే ఉండాలి.

ఓరుగల్లు ఆడబిడ్డ:
ఏనుగు గారూ, జోక్ బాగుంది గానీ, టీవీ వద్దన్న తండ్రి కూతుర్ని నేల మీద పడుకోబెట్టి, పక్కింటివాళ్లతో మాట్లాడొద్దని, అర్ధరాత్రి నీళ్లకు లేపడు కదా. కోర్టు చేసిన పని కూడా ఇదే. టీవీ విడిగా చూస్తే క్రూరత్వం కాదు, కార్పెట్ విడిగా చూస్తే కాదు, పొరుగువాళ్లతో మాట్లాడొద్దనడం విడిగా చూస్తే కాదు. అన్నీ ఒకే మనిషి మీద, ఒకే ఇంట్లో, రోజూ జరిగితే ఏమవుతుందో చూడాలి కదా? ఆ జాబితా మొత్తం మళ్లీ చదవండి. బయటి మనిషి అనేవాళ్లు ఆమెకు మిగలకుండా చేశారు.

నల్లకోటు:
గుంటూరులో క్రిమినల్ సైడ్ ప్రాక్టీస్ చేస్తాను. ముందు రెండు సెక్షన్లను విడదీసి చూద్దాం. లేకపోతే ఈ చర్చ ఎటూ తేలదు.

498ఏ 1983లో వచ్చింది. గరిష్ఠ శిక్ష మూడేళ్లు. అందులో క్రూరత్వానికి రెండు అర్థాలున్నాయి. ఒకటి, ఆమెను ఆత్మహత్యకు నెట్టేంత, లేదా ప్రాణానికో ఆరోగ్యానికో పెద్ద హాని కలిగించేంత ఉద్దేశపూర్వక ప్రవర్తన. మానసిక ఆరోగ్యం కూడా అందులో ఉంది. రెండు, కట్నం, ఆస్తి కోసం వేధించడం. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో ఇది 85, 86 సెక్షన్లయింది.

306 అంటే ఆత్మహత్యకు పురిగొల్పడం. పదేళ్ల దాకా పడుతుంది. కొత్త చట్టంలో 108. దీనికి వేధింపు ఉంటే చాలదు. పురిగొల్పే ఉద్దేశం, చావుకు దగ్గర్లో జరిగిన ఏదో ఒక చర్య కనిపించాలి. 2001లో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఈ గీత గీసింది. గొడవలో భర్త "నీ ఇష్టమొచ్చింది చేసుకో, ఎక్కడికైనా పో" అన్న ధోరణిలో మాట్లాడాడు, ఆమె నిప్పంటించుకుంది. కోపంలో అన్నమాట పురిగొల్పడం కాదని 306 కొట్టేశారు, 498ఏ మాత్రం ఉంచారు.

ఔరంగాబాద్ కేసులో 306 నిలబడకపోవడం నాకు ఆశ్చర్యం కాదు. చనిపోవడానికి దగ్గర రోజుల్లో ఏం జరిగిందో చెప్పే సాక్ష్యం లేదని కోర్టు చూసింది. దెప్పారంటే ఎవరు దెప్పారు, ఏమని దెప్పారు అన్నదీ తేలలేదని రాసింది. నలుగురు ముద్దాయిలున్నప్పుడు అది చిన్న లోపం కాదు.

చెరువుగట్టు:
306 సంగతి ఒప్పుకుంటాను అనుకోండి. 498ఏ ఎందుకు పోవాలి? మీరు చెప్పిన ఛత్తీస్‌గఢ్ కేసులో ఉంచారుగా.

నల్లకోటు:
ఆ కేసులో ఆమె రాసుకున్న ఉత్తరాలు, డైరీ ఉన్నాయి. చనిపోయిన మనిషి గొంతు రికార్డులో ఉంది. ఇక్కడ ప్రధానంగా మాట్లాడింది పుట్టింటివాళ్లు. పైగా క్రాస్‌లో, అంటే డిఫెన్స్ లాయరు సాక్షుల్ని ప్రశ్నించినప్పుడు, నీళ్ల సంగతి తిరగబడింది. వాళ్ల ఊరు వరణ్‌గావ్‌లో నీళ్లు వదిలేదే రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో అని, ఊళ్లో అన్ని ఇళ్లవాళ్లూ అప్పుడే పట్టుకుంటారని సాక్షులే ఒప్పుకున్నారు. ఆ ఒక్క జవాబుతో "అర్ధరాత్రి నీళ్లు మోయించారు" అన్న ఆరోపణ బలమంతా పోయింది. డిఫెన్స్ లాయరుకి అంతకంటే ఏం కావాలి?

సర్దుకుపోను:
అక్కడే ఆగండి సార్. ఊరంతా ఒంటిగంటన్నరకి నీళ్లు పడుతుంది, సరే. ఆ ఇంట్లో భర్త ఉన్నాడు, మరిది ఉన్నాడు, అత్తమామలున్నారు. మంచం దిగి బిందె పట్టుకుంది ఎవరు? రోజూ ఆమేనా, వంతులవారీగానా? నేను మా రాయలసీమలో ట్యాంకరు కోసం తెల్లవారుజామున లైన్లో నిల్చున్న పిల్లనే. మా ఇంట్లో నాన్న కూడా బిందె ఎత్తేవాడు. పక్కింట్లో ఎప్పుడూ కోడలే. వీధి ఒకటే, నీళ్ల టైమూ ఒకటే. రెండిళ్లూ ఒకటేనా?

ఓరుగల్లు ఆడబిడ్డ:
అక్కా, ఎంత మంచి ప్రశ్న అడిగినవ్!

నల్లకోటు:
మంచి ప్రశ్నే అమ్మా. ఆ ప్రశ్న ట్రయల్‌లో సాక్షిని అడిగి, జవాబు రాయించి ఉంటే అప్పీలులో పనికొస్తుంది. రికార్డులో లేనిదాన్ని హైకోర్టు ఊహించి శిక్ష ఖాయం చేయలేదు. మన సెషన్స్ కోర్టుల్లో ఒక్కో పీపీ (ప్రభుత్వ లాయరు) దగ్గర ఎన్ని ఫైళ్లు ఉంటాయో చూశాను. పొద్దున కోర్టు హాల్లోకి వచ్చాకే సాక్షి ముఖం చూసే రోజులూ ఉంటాయి. ఇక ఇలాంటి చిన్న చిన్న ప్రశ్నలు ఎవరికి తడతాయి?

ఒంటరి ఏనుగు:
నా వైపు నుంచి కూడా కాస్త వినండి. మా అన్న మీద కేసు పడినప్పుడు మా అమ్మ ఏ2 (రెండో ముద్దాయి), నాన్న ఏ3, పెళ్లయి వేరే రాష్ట్రంలో కాపురం ఉంటున్న మా అక్క ఏ4. ఫిర్యాదులో అక్క గురించి ఒకే ఒక్క వాక్యం: "ఈమె కూడా ప్రోత్సహించింది." దానికోసం మా అక్క పసిపిల్లని చంకనేసుకుని రైలెక్కి వాయిదాలకి వచ్చేది. చివరికి రాజీ అయ్యింది. పోయిన సంవత్సరాలు ఎవరిస్తారు?

2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు హర్యానా కేసొకటి తేల్చింది. భార్య చనిపోయింది 1993లో. భర్త నిర్దోషి అని తేలింది ముప్ఫై ఏళ్లకు. మన నేర న్యాయ వ్యవస్థే ఒక శిక్ష అయిపోతోందని ఆ తీర్పులోనే అన్నారు. అదే ఏడాది డిసెంబరు 10న తెలంగాణ కేసులో జస్టిస్ నాగరత్న ధర్మాసనం 498ఏ కేసు కొట్టేస్తూ, ఎవరేం చేశారో చెప్పకుండా భర్త బంధువులందర్నీ ఇరికించడం మీద గట్టిగానే మాట్లాడింది. ఇవేవీ గాలి మాటలు కావు.

నల్లకోటు:
నిజమే. దాని పక్కనే ఇంకొకటి పెట్టండి. రెండు రోజుల తర్వాత, డిసెంబరు 12న, మన ఆంధ్రప్రదేశ్ కేసు. కట్నం అడిగినట్టు లేదు కాబట్టి 498ఏ వర్తించదని ఏపీ హైకోర్టు ఎఫ్‌ఐఆర్ కొట్టేసింది. సుప్రీంకోర్టు ఆ ఆర్డరును పక్కన పెట్టింది. కట్నం ప్రస్తావన లేకపోయినా క్రూరత్వం క్రూరత్వమే, సెక్షన్‌లో ఆ రెండు అర్థాల మధ్య ఉన్నది "లేదా" అని చెప్పింది. వాట్సాప్‌లో మాత్రం మొదటి తీర్పే తిరిగింది. రెండోది నాకు ఒక్కరూ పంపలేదు.

డల్లాస్ దోసె:
లా తెలియని డౌట్. పెళ్లైన ఏడేళ్లలోపు భార్య చనిపోతే ఆటోమేటిక్‌గా భర్తదే తప్పని కోర్టు అనుకుంటుంది కదా? మరి వీళ్లెలా బయటపడ్డారు?

నల్లకోటు:
చాలామంది ఇక్కడే పొరబడతారు. ఏడేళ్ల రూలు రెండు చోట్ల ఉంది.

కట్నం కోసం వేధించినట్టు, అదీ చావుకు కొద్దిముందు వేధించినట్టు రుజువైతే 304బీ, అంటే వరకట్న మృతి. కనీసం ఏడేళ్లు, యావజ్జీవం దాకా పడుతుంది. అక్కడ పాత సాక్ష్య చట్టం 113బీ ప్రకారం కోర్టు భర్తవైపువాళ్లే కారణమని భావించి తీరాలి. "కొద్దిముందు" అంటే నిన్నో మొన్నో అని కాదు, వేధింపుకీ చావుకీ తెగని లంకె ఉండాలని 2021 మేలో జస్టిస్ ఎన్.వి.రమణ ధర్మాసనం హర్యానా కేసులో చెప్పింది. ఆ కేసులోనే 304బీ శిక్ష ఉంచి 306 కొట్టేశారు. తేడా అర్థమవుతోందా?

కట్నం లేని ఆత్మహత్యకు 113ఏ. అక్కడ కోర్టు "భావించవచ్చు" అంతే, భావించి తీరాలని లేదు. అదీ ముందు క్రూరత్వం రుజువైతేనే. ఔరంగాబాద్‌లో ఆ మొదటి మెట్టే ఎక్కలేకపోయారు. ఏడేళ్లు ఆరేళ్లు అనే లెక్క దాకా వెళ్లనే లేదు.

ఓరుగల్లు ఆడబిడ్డ:
వకీల్ సాబ్, మీ లెక్క అంతా సాక్ష్యం చుట్టూ తిరుగుతోంది. నా అభ్యంతరం ఆ సాక్ష్యం గురించే. ఇరుగుపొరుగుతో మాట్లాడనివ్వలేదు అన్నది ఆరోపణ. అది నిజమే అనుకోండి. అప్పుడు కోర్టుకొచ్చి చెప్పే పక్కింటామె ఎక్కడినుంచి వస్తుంది? గుడికి కూడా ఒంటరిగా పోనివ్వకపోతే గుడి మెట్ల మీద ఎవరికి చెప్పుకుంటది? ఏ వేధింపు సాక్షులు లేకుండా చేసిందో, ఆ వేధింపునే సాక్షులు లేరని కొట్టేస్తున్నారు. పొరుగువాళ్లతో కలవనివ్వకపోవడం వేధింపు కాదని రాసిన చోట నాకు పేజీ ముందుకు కదల్లేదు.

ఇంకోటి. పుట్టింటోళ్లకు చెప్పలేదు కాబట్టి జరగలేదు అనే లెక్క. మన దగ్గర పండక్కి వచ్చిన బిడ్డ "మంచిగనే ఉన్న అమ్మా" అనకుండా ఏమంటది? చెప్తే ఏమవుద్దో తెలుసు. నలుగురు పెద్దమనుషులు కూచుని "సర్దుకుపో బిడ్డా" అని మళ్లీ అదే ఇంటికి తోలుతరు.

నల్లకోటు:
దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. చట్టం కొంత ముందుకు జరిగింది. ఆమె బతికుండగా తల్లికో అక్కకో చెప్పిన మాటల్ని 498ఏ కోసం కూడా వాడొచ్చా అనే గొడవ చాలాకాలం నడిచింది. 2022 మేలో కేరళ కేసులో ముగ్గురు జడ్జీలు, అక్కడా ధర్మాసనంలో ముందున్నది జస్టిస్ రమణే, వాడొచ్చని తేల్చారు. చావుకి కారణం ఆ కేసులో తేలాల్సిన అంశమై ఉండాలి, ఆ మాటకీ చావుకీ సంబంధం ఉండాలి. కాబట్టి తల్లి చెప్పిందంతా "విన్నమాట" అని ఇప్పుడు తోసేయలేరు. కానీ ఆ తల్లి ఏం విన్నదో, ఎప్పుడు విన్నదో స్పష్టంగా చెప్పాలి. "నా బిడ్డను రాచిరంపాన పెట్టారు" అంటే ఏడుపొస్తుంది గానీ శిక్ష పడదు.

పంచనామా దగ్గరే సగం కేసు పోతుంది. పెళ్లైన ఏడేళ్లలోపు ఆత్మహత్యయితే పోస్టుమార్టం తప్పనిసరి. మన దగ్గర తహసీల్దారు వచ్చి శవ పంచనామా చేస్తాడు. ఆ పూట పుట్టింటివాళ్లు ఏడుపులో ఉంటారు. ఏదో నాలుగు లైన్లు రాయించి సంతకాలు పెడతారు. తర్వాత పోలీసులకిచ్చే స్టేట్‌మెంట్‌లో కొత్త వివరాలు వస్తాయి, కోర్టులో ఇంకా కొత్తవి వస్తాయి. క్రాస్‌లో "ఇది అప్పుడెందుకు చెప్పలేదు" అని ఒక్కోటీ పడగొడతారు. అబద్ధం చెప్పేవాడికీ, ఆలస్యంగా గుర్తొచ్చినవాడికీ కాగితం మీద తేడా కనపడదు.

చెరువుగట్టు:
అంటే హైకోర్టు కరెక్టే అంటారా?

నల్లకోటు:
306 మీద కరెక్టు. 498ఏ మీద, సాక్ష్యం చాలలేదు అని ఊరుకుని ఉంటే నాకు పేచీ లేదు. "పొరుగువాళ్లతో కలవనివ్వకపోవడం వేధింపు కాదు" అన్న తరహా వాక్యం మాత్రం రాయాల్సింది కాదు. రేపు ఇంకో కేసులో సాక్ష్యం గట్టిగా ఉన్నా డిఫెన్స్‌వాళ్లు ఆ లైను చదివి వినిపిస్తారు. నేనూ చదువుతానేమో, చెప్పలేను.

ఒంటరి ఏనుగు:
ఆ నిజాయితీ నచ్చింది సార్. నేను మాత్రం మొదటి మాట మీదే ఉన్నా. అనుమానం మిగిలితే వదిలేయాలి, అంతే. ఆడబిడ్డ గారి పాయింటు మాత్రం ఆలోచించాల్సిందే.

సర్దుకుపోను:
టాపిక్ కొద్దిగా పక్కకి, క్షమించండి. మా చిన్ననాటి స్నేహితురాలిది ఇంచుమించు ఇదే పరిస్థితి. కొట్టరు. కట్నం అడగరు. రోజంతా సాధింపే, ఫోన్ కూడా అత్తగారి చేతిలో. "నేను లేకపోతే అందరికీ హాయి" అని నాకు మెసేజ్ పెట్టింది. 498ఏ పెడితే నిలబడదని పై చర్చంతా చదివాక భయమేస్తోంది. ఏం చేయాలి?

నల్లకోటు:
అమ్మా, ఇది ముందు చూడాల్సిన సంగతి. అలాంటి మెసేజ్ పెట్టిన మనిషిని ఈరోజే కలవండి, లేదా పుట్టింటివాళ్లని పంపండి. ఒంటరిగా వదలొద్దు. 14416 టెలిమానస్, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, రాత్రి పగలు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడతారు. 181 మహిళా హెల్ప్‌లైన్‌కి చేస్తే వేధింపులకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రానికి కలుపుతారు. అక్కడ కొద్దిరోజులు ఉండటానికీ చోటుంటుంది.

చట్టం మాట: 498ఏ ఒక్కటే దారి కాదు. 2005 గృహహింస చట్టంలో అవమానించడం, ఎగతాళి చేయడం, మాటలతో హింసించడం కూడా హింసే అని రాసి ఉంది. అది ప్రధానంగా ఆమె రక్షణ కోసం, ఎవర్నో జైల్లో వేయడానికి కాదు. కాబట్టి 306లో అడిగినంత రుజువు అక్కడ అడగరు. రక్షణ ఆర్డరు, అదే ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు అడగొచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా లాయరుని ఫ్రీగా ఇస్తారు.

మీకు వచ్చిన మెసేజ్‌లు ఏవీ డిలీట్ చేయొద్దు, ఫోన్ మార్చొద్దు. ఆమె ఎప్పుడు ఏం చెప్పిందో తేదీలతో మీరే ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. ముందు మాత్రం వెళ్లి కలవండి. జిల్లా పేరు నాకు ప్రైవేట్ మెసేజ్‌లో పెడితే గృహహింస చట్టం కింద సాయం చేసే అక్కడి ప్రొటెక్షన్ ఆఫీసర్ ఎవరో కనుక్కుని చెప్తాను.

సర్దుకుపోను:
పెట్టాను సార్. వాళ్లమ్మకి ఫోన్ చేశాను, నేను కూడా బయల్దేరుతున్నా.