ఛాతీ ఎత్తు దాటిన అలలు పట్టుకోవడం ఎలా? (సర్ఫింగ్ కొత్తవాళ్ల కోసం)

సగం_ఈత (చెన్నై):
ఓఎంఆర్‌లో ఉద్యోగం, వారాంతాల్లో కోవలం బీచ్ (కేరళది కాదు, మా చెన్నై దగ్గరిది). సర్ఫింగ్ మొదలుపెట్టి ఏడాది దాటింది. ఒడ్డు దగ్గర నురుగులో లేచి నిలబడటం ఎప్పుడో వచ్చేసింది. నడుము ఎత్తు అలలైతే విరగకముందే పట్టుకుని కాస్త దూరం వెళ్లగలుగుతున్నాను కూడా. అంతకన్నా పెద్దది వచ్చిందంటే మాత్రం రెండే రెండు జరుగుతున్నాయి. ఎంత ప్యాడిల్ చేసినా (బోర్డు మీద పడుకుని చేతులతో నీళ్లు తోసినా) అల నా కింద నుంచి వెళ్లిపోతుంది, లేదంటే బోర్డు ముక్కు నీళ్లలో గుచ్చుకుని నేను ముందుకి ఎగిరిపడతాను. కోచ్‌ని అడిగితే "ఇంకా గట్టిగా ప్యాడిల్ చెయ్యి" అంటాడు తప్ప ఇంకో మాట లేదు. నాది 8 అడుగుల ఫోమ్ బోర్డు, బరువు 74 కిలోలు. జిమ్‌లో చేరాలా, బోర్డు మార్చాలా, నా వల్ల కాదని ఊరుకోవాలా? ఈ దశ దాటినవాళ్లు చెప్పండి.

బీచ్‌రోడ్_గురు (విశాఖ):
గురూ, జిమ్ డబ్బులు దాచుకో. నువ్వు చెప్పిన రెండు కష్టాలకీ కారణం ఒకటే, నువ్వు కూర్చునే చోటు. అల ఎక్కడ విరుగుతుందన్నది లోతును బట్టి ఉంటుంది. సుమారుగా దాని ఎత్తుకి 1.3 రెట్లు లోతున్న చోటికి రాగానే విరుగుతుంది. మీటరు అలైతే 1.3 మీటర్ల నీళ్లలో, మీటరున్నర అలైతే దాదాపు 2 మీటర్ల నీళ్లలో. అంటే పెద్ద అల ఒడ్డుకి ఇంకా దూరంగానే విరుగుతుంది. చిన్న అలలకి అలవాటైన చోటే కూర్చుంటే, పెద్దది నీ దాకా వచ్చేసరికి నిట్టనిలువుగా లేచి ఉంటుంది. ముక్కు గుచ్చుకోక ఏమవుతుంది? ఆ దెబ్బకి భయపడి మరీ లోపలికి పోయి కూర్చుంటే అక్కడ అల ఇంకా చదునుగా ఉంటుంది, కింద నుంచి పోతుంది.

రుషికొండలో నేను ఒడ్డున కదలని వస్తువులు రెండు చూసుకుంటా, ఒకటి ముందు, ఒకటి దాని వెనక. ఆ రెండూ ఒకే వరసలో కనిపిస్తున్నంతసేపు నా చోటులో నేనున్నట్టు. విడిపోయాయంటే నీరు పక్కకి లాగేసినట్టు. నైరుతి రుతుపవనాల రోజుల్లో మన తీరం వెంబడి లాగుడు ఉత్తరానికి, అంటే భీమిలి వైపు. పక్కవాడితో కబుర్లలో పడితే తెలియకుండానే జరిగిపోతాం.

ఫ్రీమాంట్_అక్క (కాలిఫోర్నియా):
చోటు సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. ప్యాడిల్‌తో పనిలేదంటే మాత్రం ఒప్పుకోను. 2 మీటర్ల లోతులో అల వేగం గంటకి సుమారు 16 కిలోమీటర్లు. మనలాంటివాళ్లం చేతులతో ఎంత కొట్టుకున్నా 5, 6 దాటం. మిగతా వేగం ఇచ్చేది అల వాలు. కదులుతున్న బస్సు ఎక్కేవాడు ముందు నాలుగడుగులు దాని వెంట పరిగెత్తుతాడు కదా, ప్యాడిల్ చేసే పని అంతవరకే. అందుకే అల మీదికొచ్చాక గింజుకోవడం కాదు, అది ఇంకా దూరంగా ఉండగానే మొదలుపెట్టాలి.

ఇంకో మాట. పెద్ద అలలు నేర్చుకోవడానికి అలతో పాటు బీచ్‌ని కూడా ఎంచుకోవాలి తమ్ముడూ. నేను ఎక్కువగా వెళ్లేది పసిఫికాలో లిండా మార్, శాంటాక్రూజ్‌లో కవెల్స్. కవెల్స్‌కి కూతవేటు దూరంలోనే స్టీమర్ లేన్. ఒకే స్వెల్ (దూరం నుంచి ప్రయాణించి వచ్చే అలల వరస) వస్తుంది, అక్కడ తల పైనుంచి పడుతుంటే ఇక్కడ నడుము దాకా మెల్లగా, పొడుగ్గా విరుగుతుంది. అడుగు నేల నిదానంగా ఎత్తయ్యే చోట అల పైనుంచి నురుగు కారుతూ విరుగుతుంది, మనకి లేవడానికి టైమ్ ఇస్తుంది. ఒక్కసారిగా ఎత్తయ్యే చోట మొత్తం ఒకేసారి విసిరికొడుతుంది. మెల్లగా విరిగే చోట ఛాతీ ఎత్తు అల కన్నా, విసిరికొట్టే చోట నడుము ఎత్తు అలే కష్టం.

సగం_ఈత:
అక్కా, గురువుగారూ, థాంక్స్. ముందే ప్యాడిల్ మొదలుపెడితే బోర్డు జారడం మొదలవుతోంది, కానీ నేను లేచేలోపే ముక్కు మునుగుతోంది. ఆ ఒక్క క్షణంలో మీరు సరిగ్గా ఏం చేస్తారు?

కోవలం_శనివారం (చెన్నై):
అది నేను చెప్తా, మీ కోవలం అలే కాబట్టి. కోవలం పాయింట్ కుడికి విరిగే అల, అంటే అల మీద ఒడ్డు వైపు తిరిగి ఉన్నప్పుడు నీ కుడిచేతి వైపుకి వెళ్లాలి. నువ్వు బహుశా ముక్కుని తిన్నగా ఒడ్డుకి పెట్టి దిగుతున్నావు. నురుగులో నేర్చుకున్న అలవాటు అది, అందరికీ ఉంటుంది. నిలువు అల మీద తిన్నగా దిగితే కింద చదును నీళ్లలో ముక్కు దిగబడక తప్పదు. ప్యాడిల్ చేసేటప్పుడే ముక్కుని కాస్త కుడికి తిప్పి పెట్టు. మరీ పక్కకి తిప్పేసినా అల కింద నుంచి పోతుంది, కొంచెం చాలు.

ఇక ఆ క్షణం. తోక ముందు లేస్తుంది, పాదాల దగ్గర తెలిసిపోతుంది. అప్పుడు గడ్డం బోర్డుకి దగ్గరగా దించు, బరువు ముందుకి పడి బోర్డు జారుతుంది. ఇక్కడే చాలామంది "వచ్చేసింది" అనుకుని లేచిపోతారు, అల జారిపోతుంది. అనుకున్నాక కూడా ఇంకో రెండు చేతులు వెయ్యి. బోర్డు కింద నీళ్ల చప్పుడు మారుతుంది, బుడబుడ పోయి సర్రుమంటుంది. ఆ చప్పుడు వినపడగానే అరచేతులు పక్కటెముకల పక్కన ఆనించి ఛాతీ పైకెత్తు. ముక్కు లేస్తుంది. బోర్డు అంచులు పట్టుకోకు, పట్టుకుంటే ఒక పక్కకి ఒరుగుతుంది. కళ్లు మాత్రం ముక్కు మీద ఉండకూడదు. ముక్కునే చూస్తూ లేచినవాడు దాని వెనకే నీళ్లలోకి పోతాడు. కుడి పక్కన ఇంకా విరగని నీళ్లని చూడు.

తెప్పవాళ్లబ్బాయి (ఉప్పాడ):
మీ బోర్డుల సంగతి నాకు ఈమధ్యే తెలిసింది, కెరటాల సంగతి పుట్టినప్పటి నుంచి తెలుసు. మా నాన్న తెప్ప దింపేటప్పుడు రాగానే నీళ్లలోకి దిగేవాడు కాదు. ఒడ్డున నిలబడి చూసేవాడు. పెద్ద కెరటాలు ఒక్కొక్కటిగా రావు, గుంపుగా వస్తాయి, తరవాత కాసేపు సముద్రం తగ్గుతుంది. ఆ తగ్గిన సందులో తెప్ప దాటించేవాడు. మీరు కారు దిగగానే బోర్డు చంకన పెట్టుకుని పరిగెత్తుతారు, లోపలికి వెళ్లేసరికి గుంపు మొత్తం నెత్తిన పడుతుంది, చేతులు అక్కడే అయిపోతాయి. ఇక పట్టేదేముంది? పావుగంట కూర్చుని చూడండి. గుంపులో మొదటిదాని కోసం ఎగబడొద్దు, అది పోతే వెనక వచ్చేవన్నీ మీ మీదే విరుగుతాయి.

రెండు పక్కలా కెరటాలు విరుగుతూ మధ్యలో ఒక పాయ నిశ్శబ్దంగా, కాస్త మట్టిరంగులో ఉంటే నీరు అక్కడి నుంచి లోపలికి పోతోందని అర్థం. స్నానానికి వచ్చినవాళ్లు ప్రశాంతంగా ఉందని అక్కడే దిగుతారు, కొట్టుకుపోతారు. బోర్డు ఉండి, ఈత బాగా వచ్చినవాడికి లోపలికి వెళ్లడానికి అదే దారి. అందులో చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదకూడదు, తీరం వెంబడి పక్కకి ఈది బయటపడాలి.

ప్రగతినగర్_వాసి (హైదరాబాద్):
సముద్రం లేని ఊరి నుంచి నేనొకణ్ణి. నవ్వకండి, సముద్రం లెక్కలు చూసే ఇన్‌కాయిస్ ఉన్నది మా ప్రగతినగర్‌లోనే. వాళ్ల సైట్లో అలల అంచనాలు ఉచితంగా ఉంటాయి. అందరూ ఎత్తు ఒక్కటే చూసి వెళ్తారు. దాని పక్కనే సెకన్లలో పీరియడ్ ఉంటుంది, అంటే ఒక అలకీ ఇంకో అలకీ మధ్య సమయం. అసలు కథ అక్కడుంది.

మీటరు ఎత్తు, 7 సెకన్లు అంటే దగ్గర్లో గాలి లేపిన అల. లోతైన నీళ్లలో దాని పొడవు దాదాపు 76 మీటర్లు. అదే మీటరు ఎత్తు, 14 సెకన్లు అంటే ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో తుఫాను పుట్టించి వేల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చింది, పొడవు 300 మీటర్లు దాటుతుంది. తెచ్చే శక్తి రెట్టింపు. తీరానికి వచ్చాక బాగా ఎత్తు పెరిగేది కూడా ఇదే. "ఫోర్‌కాస్ట్‌లో మీటరే కదా, ఇదేంటి తల దాకా లేస్తోంది" అని ఆశ్చర్యపోయేది ఇలాంటి రోజుల్లోనే. నేర్చుకునేవాడికి 9, 10 సెకన్ల రోజులు మంచివని నా అభిప్రాయం.

చెన్నై వైపు మే నుంచి సెప్టెంబర్ దాకా స్వెల్ నిలకడగా వస్తుంది, పైగా పొద్దున్నే గాలి నేల మీద నుంచి వీస్తుంది కాబట్టి అలలు శుభ్రంగా ఉంటాయి. మధ్యాహ్నానికి సముద్రపు గాలి మొదలై చెడగొడుతుంది. పడమటి తీరంలోని ముల్కి, వర్కల వైపు దీనికి తలకిందులు, వానాకాలంలో అటు వెళ్లి లాభం లేదు. అక్టోబర్ నుంచి మన తీరానికి తుఫాన్ల సీజన్. ఎత్తైన అలల హెచ్చరిక ఇచ్చినరోజు టీ తాగి ఇంటికి రావడమే.

షార్ట్‌బోర్డ్_శీను (విశాఖ):
అందరూ చోటు, గాలి అంటున్నారు. నాకైతే బోర్డు మారిస్తేనే వచ్చింది. 8 అడుగుల ఫోమ్ బోర్డు పెద్ద అల మీద తిరగదు. 6 అడుగులది తీసుకో.

ఫ్రీమాంట్_అక్క:
శీనూ, నీకు వచ్చింది, సంతోషం. ఇతనికి ఆ సలహా వద్దు. చిన్న బోర్డు కింద నీరు తక్కువ తేలుస్తుంది, వేగం రాదు, ఆలస్యంగా పట్టాలి, ఆలస్యమయ్యేసరికి అల నిలువుగా ఉంటుంది. ఉన్న సమస్యకి వడ్డీ కట్టినట్టే. నా స్నేహితురాలికి ఒక షాపువాడు "మీరు ఇంటర్మీడియట్ కదా" అని పొగిడి 6 అడుగులది అంటగట్టాడు. అది ఇప్పుడు గరాజ్‌లో గోడకి ఆనించి ఉంది. పెద్దవి పట్టడం వచ్చేదాకా 8, కుదిరితే 9 అడుగులు.

షార్ట్‌బోర్డ్_శీను:
సరే అక్కా, నాది 58 కిలోల ఒళ్లు, అది చెప్పడం మర్చిపోయా 😄

మ్యాన్లీ_మాధవి (సిడ్నీ):
భయం గురించి ఎవరూ మాట్లాడలేదు. మనలో చాలామందికి ఈత చిన్నప్పుడు రాలేదు, స్విమ్మింగ్ పూల్‌లో పెద్దయ్యాక నేర్చుకున్నదే. మనసులో "పడితే ఏంటి" అని ఉన్నంతకాలం చివరి క్షణంలో చేతులు వాటంతట అవే ఆగిపోతాయి. టెక్నిక్ తప్పనుకుంటాం, కాదు, బ్రేక్ వేస్తున్నాం.

నాకు పనికొచ్చింది కావాలని పడటం. ఓ మోస్తరు అలల్లో, చుట్టూ ఎవరూ లేనప్పుడు, లేచి నిలబడి పడిపోవడం. తల ముందు పెట్టి దూకకూడదు, అడుగున ఎంత లోతుందో తెలియదు. వెల్లకిలా గానీ పక్కకి గానీ చదునుగా పడాలి, పైకి వచ్చేటప్పుడు చేతులు తల చుట్టూ పెట్టుకోవాలి, బోర్డు ఎక్కడుందో తెలియదు కాబట్టి. మన సైజు అలలు నీళ్లలో ఉంచేది కొద్ది సెకన్లే. లోపల గింజుకుంటే ఆ కొద్ది సెకన్లే చాలా పొడుగ్గా అనిపిస్తాయి.

నేను పెట్టుకున్న షరతు ఒకటుంది. కూర్చున్న చోటు నుంచి బోర్డు లేకుండా ఒడ్డుకి ఈదగలనా? లీష్ (బోర్డుని కాలికి కట్టే తాడు) తెగిపోవచ్చు. ఈదలేననిపిస్తే ఆరోజు ఆ చోటు నాది కాదు. అలాగే ఎదురుగా నురుగు వస్తోందని బోర్డు వదిలేసి మునిగిపోవద్దు, వెనక ఉన్నవాడి మొహం పగులుతుంది. పెద్ద ఫోమ్ బోర్డుతో కింద నుంచి దూరడం కుదరదు, అంచులు గట్టిగా పట్టుకుని బోర్డుతో సహా తలకిందులుగా తిరిగిపో, నురుగు మీద నుంచి పోతుంది.

కోవలం_శనివారం:
ఇది కూడా చెప్పాలి, పెద్ద అలల చోట కొత్తవాళ్ల మీద అరుపులు ఎందుకు పడతాయో. అల విరగడం మొదలయ్యే కొసకి దగ్గరున్నవాడిది ఆ అల. వాడు లేచాక వాడి ముందు నుంచి నువ్వు లేవకూడదు. లోపలికి వెళ్లేటప్పుడు వస్తున్నవాడి దారికి అడ్డంగా కాకుండా చుట్టూ తిరిగి వెళ్లు. కోవలంలో లోకల్ పిల్లలు చాలావరకు మత్స్యకారుల ఇళ్లవాళ్లే. తమిళం రాకపోయినా నవ్వుతూ "అన్నా" అను, ఎక్కడ కూర్చోవాలో వాళ్లే చెయ్యి చూపిస్తారు. నేను అలాగే నేర్చుకున్నా.

సగం_ఈత:
నిన్న పొద్దున్న వెళ్లాను, ముందు ఒడ్డున కూర్చుని చూశాను. గుంపులు నిజంగానే కనిపిస్తున్నాయి. ముక్కు కుడికి తిప్పితే గుచ్చుకోవడం బాగా తగ్గింది, కానీ రెండుసార్లు అల జారిపోయింది. ఎక్కువ తిప్పేస్తున్నానేమో. ఈ ఆదివారం ఎవరైనా వస్తే పక్కన ఉండి చూస్తారా? 9 అడుగుల బోర్డు కూడా ఒకసారి ప్రయత్నించాలని ఉంది.

కోవలం_శనివారం:
పేరు శనివారమే గానీ ఆదివారం కూడా వస్తా. ఆరింటికల్లా నీళ్లలో ఉండాలి, ఎనిమిదికి జనం వచ్చేస్తారు. 9 అడుగులది నా దగ్గరుంది, కానీ నాది చిన్న కారు. పైన కట్టే స్ట్రాపులు నువ్వు తీసుకురా.