బంధువుల ఇంట్లో పిస్టల్ ఉందన్న మీ ప్రశ్నకు జవాబు

మేం దిగిన బంధువుల ఇంట్లో పిస్టల్ ఉంది, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అని అడిగారు. మీరు హెచ్1బి వీసాపై డాలస్ వచ్చి, గ్రీన్‌కార్డు ఉన్న మీ పెదనాన్నగారి అబ్బాయి ఇంట్లో నాలుగేళ్ల పాపతో దిగారు కనుక ముందు వీసా సంగతి చెప్పాలి. ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం ఇలాంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ గానీ, తూటాలు గానీ తమ వద్ద ఉంచుకోకూడదు. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నా, లాయర్‌ను అడగకుండా వాటిని నమ్ముకోవద్దు. పిస్టల్ ఆయనదే అయినా, అది ఉంచిన సేఫ్ తెరిచే వీలు మీకు ఉంటే అది మీ స్వాధీనంలోనూ ఉన్నట్టేనని వాదించే అవకాశం ఉంది కాబట్టి, సేఫ్ తెరిచే నంబరు మీకు చెప్పవద్దని మీరే ఆయనను కోరండి. ఇందులో మొహమాటం పనికిరాదు.

ఇక పాప సంగతి. విలువైనదాన్ని బీరువాలో పట్టుచీరల మడతల కింద దాచడం మన ఇళ్లలో అలవాటే గానీ, పిస్టల్ విషయంలో దాచడం వేరు, తాళం వేయడం వేరు. ఏ అరలో ఏముందో పిల్లలు ఇట్టే కనిపెట్టేస్తారు. టెక్సస్‌లో తూటాలు నింపిన తుపాకీ 17 ఏళ్ల లోపు పిల్లలకు అందేలా నిర్లక్ష్యంగా వదిలేయడం నేరం. కనుక ఖాళీ చేసిన పిస్టల్ ఒక సేఫ్‌లోనూ, తూటాలు వాటి అట్టపెట్టెలోనే, తేమ తగలని చోట, వేరే తాళం కిందా ఉండాలి. చాలా ఊళ్లలో పోలీసులు తుపాకీకి వేసే కేబుల్ తాళాలను ఉచితంగానే ఇస్తారు.

ఖాళీ చేయడంలోనూ ఒక వరుస ఉంది. పిస్టల్‌ను మనుషులు లేని వైపుకు తిప్పి, ట్రిగ్గర్ మీద వేలు పెట్టకుండా, ముందు మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బీ) బయటికి తీసి, ఆ తరువాతే స్లైడ్‌ను (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగాన్ని) వెనక్కి లాగి ఛాంబర్‌ను (పేలడానికి సిద్ధంగా తూటా ఉండే గదిని) కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. ముందే స్లైడ్ లాగితే, అది తిరిగి ముందుకు వెళ్తూ మ్యాగజైన్‌లోని మరో తూటాను ఛాంబర్‌లోకి నెడుతుంది. ఆపైన మ్యాగజైన్ తీసేసినా ఆ తూటా లోపలే ఉండిపోతుంది. ఇదంతా ఆయన చేయవలసిన పని, మీది కాదు.

మరొకటి, మీరు అడగనిది. ఆయన షూటింగ్ రేంజ్‌కు తీసుకెళ్లే బ్యాగును ఇండియా ప్రయాణానికి అడిగి తీసుకోవద్దు. అడుగున మిగిలిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌కు చిక్కినా 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు పెట్టవచ్చు. అది మీకు తెలియకుండా వచ్చిందని చివరికి కోర్టు ఒప్పుకోవచ్చు గానీ, ఈలోగా మీ తిరుగు ప్రయాణం ఆగిపోవచ్చు.