అప్‌డేట్: అప్‌గ్రేడ్ తర్వాత ఆగిన మెయిళ్లు కదిలాయి

మా మెయిల్ సర్వర్ అప్‌గ్రేడ్ చేశాక అమావిస్ (వచ్చే మెయిళ్లని వైరస్ స్కానర్‌తో చెక్ చేయించే ప్రోగ్రామ్) ‘ఆల్ వైరస్ స్కానర్స్ ఫెయిల్డ్’ అంటోందని, మెయిళ్లు 451 ఎర్రర్‌తో (ఇప్పుడు కుదరలేదు, తర్వాత మళ్లీ ప్రయత్నించు అని అర్థం) క్యూలో ఆగిపోతున్నాయని అడిగాను కదా. కారణం దొరికింది. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ముఖ్య భాగం) లాగ్ చూడమన్న అన్నకి చాలా థ్యాంక్స్. మెమరీ చాలక కెర్నలే క్లామ్‌డీని (క్లామ్‌ఏవీ యాంటీవైరస్‌లో స్కానింగ్ చేసే ప్రోగ్రామ్) ఆపేస్తోంది!

క్లామ్‌ఏవీ 0.103 వెర్షన్ నుంచి కొత్త సిగ్నేచర్లు (వైరస్‌లని గుర్తుపట్టే డేటా) లోడ్ అయ్యేదాకా పాతవాటినీ మెమరీలోనే ఉంచుతుంది. ఆ కాసేపు దాదాపు రెట్టింపు ర్యామ్ కావాలి. మాది 2 జీబీ మెషీన్. అందుకే సిగ్నేచర్లు అప్‌డేట్ అయినప్పుడే ఎర్రర్ వచ్చేది. క్లామ్‌డీ కాన్ఫిగ్‌లో ‘కాన్‌కరెంట్ డేటాబేస్ రీలోడ్’ని ‘నో’ చేసి రీస్టార్ట్ చేశాను. రీలోడ్ అప్పుడు స్కానింగ్ కాసేపు ఆగుతుంది, పర్లేదు.

పోస్ట్‌ఫిక్స్ (మెయిళ్లు పంపే, అందుకునే ప్రోగ్రామ్) క్యూలో మెయిళ్లని మామూలుగా 5 రోజులు ఉంచుతుంది కాబట్టి మా గాజువాక ఆఫీసు పంపిన పోర్టు కాగితాలు ఒక్కటీ పోలేదు. ఆ టెన్షన్ తీరింది. ర్యామ్ 4 జీబీకి పెంచమని మా సార్‌ని అడిగాను.