డిసెంబరు సగం దాటాక మినుము చల్లితే సగం దిగుబడి పోతుందా?

కాలువ చివరి చేను:
నమస్కారం అండి. మాది ఉప్పలగుప్తం వైపు, కాలువ ఆఖరి చేలు. దాళ్వాకి (రబీ వరికి) నీళ్లు మా దాకా రావు కాబట్టి సార్వా (ఖరీఫ్ వరి) కోశాక మాకు మినుమే దిక్కు. మూడెకరాలు. రెండేళ్ల కిందట వరి కోతకి మూడు రోజుల ముందు, నవంబరు 24న, చేలోనే చల్లాం. ఎకరానికి ఐదు క్వింటాళ్లు పడింది. పోయినేడు కోత మిషన్ దొరక్క డిసెంబరు 19కి గానీ విత్తనం పడలేదు. మొలక బానే వచ్చింది, సంక్రాంతికి చూస్తే పచ్చగా ముచ్చటగా ఉంది, మందులు కూడా అవే కొట్టాం, తీరా నూర్చితే రెండున్నర! మొక్క జానెడు దాటి ఎదగలేదు. విత్తనాల కొట్టాయన రకం మార్చమంటున్నాడు. మూడు వారాల తేడాకే ఇంత పోతుందా, లేక మాదే ఏదైనా లోపమా? ఈసారీ స్వర్ణ రకం వరే ఊడ్చాం, డిసెంబరు రెండో వారం లోపు కోత అయ్యేలా లేదు.

ఆచంట బాబాయ్:
రకం తప్పు కాదు బాబూ, తేమ తప్పు. వాన మీద ఆధారపడే పంట అంటాం గానీ, మన మాగాణి మినుముకి ఆ తర్వాత వాన ఏముంటుంది? వరి వదిలిపెట్టిన పదును, తెల్లవారుజాము మంచు, అంతే దాని ఆస్తి. అనూరాధ కార్తెలో, అంటే నవంబరు ఆఖరి రోజుల్లో చల్లితే పైమట్టి ఇంకా మెత్తగా ఉంటుంది, వేరు దిగుతుంది, తేమ కిందకి జారేకొద్దీ వేరూ దాని వెనకాలే పోతుంది. వరికి దమ్ము చేసిన, అంటే నీళ్లలో దున్ని బురద చేసిన నేల ఆరిందంటే రాయే. డిసెంబరు నెలాఖరుకి నెర్రెలు విచ్చుకున్నాక లేత వేరు ఎక్కడికి దిగుతుంది? పైన పచ్చగానే కనిపిస్తుంది, అందుకే సంక్రాంతికి నువ్వు మోసపోయావు. అలాగని తొందరపడి నీళ్లు నిలిచిన చేలో చల్లినా విత్తనం కుళ్లుతుంది. నేనైతే తేదీ చూడను, చేలో దిగి చూస్తాను: పాదం అచ్చు పడాలి, ఆ అచ్చులో నీరు ఊరకూడదు.

అగ్రికల్చర్ చదివినోడు:
బాబాయ్ గారు చెప్పింది మొదటి సగం అండి, రెండో సగం పూత దగ్గర ఉంది. మినుముకి 35, 40 రోజులకి పూత మొదలవుతుంది, 75, 80 రోజుల్లో పంట చేతికొస్తుంది. నవంబరు 24న చల్లితే పూత జనవరి మొదట్లో, చలీ మంచూ ఉన్నప్పుడే పడుతుంది, ఫిబ్రవరి రెండో వారానికి కోతకి వచ్చేస్తుంది. డిసెంబరు 19 అయితే పూత జనవరి ఆఖరుకి జరుగుతుంది, కాయలో గింజ నిండేది ఫిబ్రవరి ఎండల్లో, అప్పటికి నేలలో తేమ ఉండదు. పూత రాలుతుంది, నిలిచిన కాయలో గింజ సన్నబడుతుంది. బూడిద తెగులు కూడా ఆలస్యపు చేలలోనే ముదురుతుంది. ఇన్ని కలిస్తే సగం పోవడంలో వింతేమీ లేదు.

ఈసారి తప్పదంటే: మొక్క చిన్నదిగానే ఉండిపోతుంది కాబట్టి ఎకరానికి మామూలుగా వేసే 16 కిలోలు కాకుండా 18, 20 చల్లండి. విత్తనశుద్ధి (విత్తనానికి మందు పట్టించడం) మానొద్దు. పూత దశలో నేల తేమ ఆరి బెట్టకి వస్తే లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి కొట్టండి, కొంత నిలబడుతుంది, కొంతే, మళ్లీ నన్ను తిట్టొద్దు. పల్లాకు తెగులు (ఆకులు పసుపెక్కే వైరస్ తెగులు) భయం ఉంటే టీబీజీ 104 మినుము రకం తట్టుకుంటుంది, కానీ రకం మారిస్తే పోయిన మూడు వారాలు తిరిగి రావు.

రాజోలు 77:
ముందు చల్లినోళ్లంతా బాగుపడ్డారని రాయకండి. 2023లో మిగ్‌జాం తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిందా, దానికి వారం ముందు మేం చల్లాం. మూడు రోజులు చేను చెరువు. మొలక మొత్తం పోయింది, మళ్లీ విత్తనం కొని డిసెంబరు చివర చల్లుకున్నాం. ఆ ఏడు మిషన్ ఆలస్యమైన మా పక్క చేనాయనకి ఒక్క విత్తు ఖర్చే అయింది.

ఆచంట బాబాయ్:
అది నిజమే. అందుకే నీరు బయటికి పోయే మురుగు బోదెలు ముందే తీసుకోవాలి, చల్లాక కాదు.

కాలువ చివరి చేను:
అందరికీ థాంక్స్ అండి. ఒక డౌట్, కోత మిషన్‌తో కోయించేవాళ్లు ముందే చల్లితే చక్రాల కింద మొలక నలిగిపోదా?

అగ్రికల్చర్ చదివినోడు:
నలుగుతుంది. మిషన్ కోత అయితే కోసిన వెంటనే, అదే తడిలో చల్లాలి, గడ్డి కుప్పలు కుప్పలుగా వదలకూడదు, వాటి కింద మొలక రాదు. అసలు మీ మినుము తేదీ నవంబరులో కాదండి, జూన్‌లో నారు పోసినప్పుడే తేలిపోతోంది. స్వర్ణ 150 రోజులు. పది, ఇరవై రోజులు ముందు కోతకొచ్చే వరి వేస్తే మినుముకి ఆ రోజులు మిగులుతాయి.

కాలువ చివరి చేను:
ఇదే మాట నాన్నగారికి చెప్పాను. ఇంట్లోకి స్వర్ణ బియ్యమే కావాలని పట్టుబట్టి, ఆఖరికి రోడ్డు పక్క ఎకరం మాత్రం వచ్చే సార్వాకి 130 రోజుల లోపు రకం వేయడానికి ఒప్పుకున్నారు. ఈ ఏడాదికి 20 కిలోల లెక్కన విత్తనం కడుతున్నాను, బోదెలు రేపే మొదలు. అమలాపురం చుట్టుపక్కల డిసెంబరు రెండో వారానికి కోత మిషన్ ఖాళీగా ఉన్నవాళ్లెవరైనా తెలిస్తే చెప్పండి.