అప్‌డేట్: పెందుర్తి ఇంటి ప్లాన్ ఎంతవరకు వచ్చిందంటే

మందు మానేసి, ఫుట్‌పాత్ బతుకు నుంచి బయటపడినవాళ్లు కొన్నాళ్లు ఉండేలా పెందుర్తి దగ్గరి పాత మేడను ఎలా మార్చాలని అడిగాను కదా, ఇది ఆ సంగతే.

హాలంతా మంచాలు వేయొద్దని చాలామంది అన్నారు. అదే ఖాయం చేశాం. పట్టణ షెల్టర్లకు కేంద్రం చెప్పిన కొలత మనిషికి కనీసం 50 చదరపు అడుగులు. రాత్రి తలదాచుకోవడానికి సరే, నెలల తరబడి ఉండేవాడికి తాళం వేసుకునే తలుపు కావాలి. అందుకే ఇద్దరికో గది, అందరికీ ఒకటే వంటిల్లు. విశాఖ ఉక్కపోతకు వరండా మాత్రం తగ్గించలేదు.

అసలు గొడవ మళ్లీ తాగితే ఏం చేయాలన్న దగ్గరే వచ్చింది. అమెరికాలో 1975లో మొదలైన ఆక్స్‌ఫర్డ్ హౌస్‌ల్లో ఉండేవాళ్లే అద్దె పంచుకుని ఇల్లు నడుపుకుంటారు, తాగినవాణ్ని పంపేస్తారు. 1992లో న్యూయార్క్‌లో మొదలైన ‘హౌసింగ్ ఫస్ట్’ పద్ధతిలో మానేయాలన్న షరతే ఉండదు. మేం మధ్యలో ఆగాం: తాగితే చికిత్సకు పంపుతాం, గది అట్టే పెడతాం. మళ్లీ ఆర్టీసీ బస్ కాంప్లెక్స్ అరుగుమీదకి తోలేస్తే ఏం బాగుపడతాడు? బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు, కాబట్టి ముందు ఆసుపత్రి, తర్వాతే ఇక్కడికి.

వీధిలో పెద్దలు ఇంకా గుర్రుగానే ఉన్నారు. ఆడవాళ్లకు పై అంతస్తు ఇద్దామన్నది మానుకున్నాం, వేరే ఇల్లే కావాలి. గాజువాక వైపు, బస్సు రూటులో అద్దెకుంటే చెప్పండి.