బి రిలే మధ్యలోనే వదిలేస్తోంది: స్ప్రింగులు సర్దాలా, వద్దా?

సెలెక్టర్_7:
నా దగ్గర 3000 టైప్ రిలేలున్న (రిలే అంటే విద్యుదయస్కాంతంతో పనిచేసే స్విచ్) పాత స్ట్రౌజర్ సెలెక్టర్ ఒకటి ఉంది, పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో డయల్ చేసిన అంకెను బట్టి మెట్టు మెట్టుగా ఎక్కి లైను కలిపే యంత్రం. 50 వోల్టుల సప్లై మీద నడుపుతున్నాను. డయల్ 2, 3 తిప్పితే సరిగ్గా ఎక్కుతుంది. 9, 0 తిప్పితే మాత్రం సగంలో బి రిలే (సెలెక్టర్‌ని పట్టి ఉంచేది) వదిలేస్తోంది, సెలెక్టర్ మొదటికి వచ్చేస్తోంది. కాంటాక్టులు నల్లగా కనిపిస్తే ఎమరీ పేపర్‌తో రుద్దాను. లాభం లేదు. బి రిలే స్ప్రింగులు (కాంటాక్టులు మోసే సన్నటి లోహపు పట్టీలు) సర్దమంటారా?

పాతతీగ:
ఎమరీ పేపరా! దయచేసి ఇంకెప్పుడూ ఆ పని చేయకండి. ఆ కాంటాక్టులు వెండివి. వెండి మెత్తనిది, ఎమరీ రవ్వ అందులో దిగబడిపోతుంది. ఆ నలుపు వెండి సల్ఫైడ్, దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు. బర్నిషర్ అని సన్నటి ఉక్కు పట్టీ ఉంటుంది. దాన్ని కాంటాక్టుల మధ్య పెట్టి, పైన వేలితో తేలిగ్గా నొక్కి, రెండుసార్లు లాగితే చాలు. స్ప్రింగుల జోలికి అసలు పోవద్దు.

యాభైవోల్టులు:
మాస్టారూ, ఆయన కాంటాక్టుల గురించి అడగలేదు. బి రిలే కాయిల్‌కి రాగి కడియం ఎందుకు తొడిగారు? డయల్ ఏ అంకెకు ఆ అంకె అన్నిసార్లు, 0కి పదిసార్లు, లైన్‌ని తెంపి పల్స్‌లు పంపుతుంది. అలా తెగిన ప్రతిసారీ పల్స్‌లు అందుకునే ఎ రిలే వదిలేస్తుంది, బి మాత్రం పట్టుకుని ఉండాలి. సెకనుకు 10 పల్స్‌ల డయల్‌లో ఒక్కో తెగింపు సుమారు 66 మిల్లీసెకన్లు. కాయిల్‌కి కరెంటు ఆగగానే ఆ కడియంలో కరెంటు పుట్టి అయస్కాంతాన్ని కాసేపు నిలబెడుతుంది. స్ప్రింగుల టెన్షన్ ఎక్కువైనా, ఆర్మేచర్‌కి (అయస్కాంతం లాగే ఇనుప రేకు), కోర్‌కి (కాయిల్ లోపలి ఇనుప కడ్డీ) మధ్య మిగలాల్సిన సందు పెరిగినా రిలే త్వరగా వదిలేస్తుంది. 2, 3కి తట్టుకుని 9, 0కి పడిపోతోందంటే నాకు అదే అనుమానం. బర్నిషర్‌తో ఇది పోదు.

కొత్తచేయి:
బాగా నున్నటి ఎమరీ అయితే పర్వాలేదు కదండీ?

పాతతీగ:
పర్వాలేదని ఎవరు చెప్పారండీ? నున్నటిదైనా రవ్వ రవ్వే. స్ప్రేలు కూడా వద్దు. ఆ జిడ్డు మీద దుమ్ము పేరుకుంటుంది.

గంటమోత:
ముందు డయల్ వేగం చూశారా? డయల్ నెమ్మదిస్తే తెగింపు సమయం కూడా పెరుగుతుంది. అప్పుడు మంచి బి రిలే కూడా వదిలేయొచ్చు.

యాభైవోల్టులు:
ఇది సరైన మాట. మొదట డయల్, తర్వాత బి రిలే. ఎమరీ గోల ఇక చాలు.

పాతతీగ:
గోల అంటున్నారు. నా బాధ మీకు తెలియదు. ఒక సెలెక్టర్ బాగుచేయమని ఒకాయన చేతికిచ్చాను. అన్ని రిలేలూ పట్టకారుతో వంచి తిరిగిచ్చాడు. రెండు స్ప్రింగులు బిగించిన చోటే విరిగాయి. అది ఇప్పటికీ పల్స్ సరిగ్గా పట్టదు. మొదట సర్దినవాళ్ల చేతి పని అందులో ఉండేది. అది ఇక రాదు.

యాభైవోల్టులు:
అది పట్టకారు తప్పు, సర్దడం తప్పు కాదు. స్ప్రింగ్‌ని సరైన పనిముట్టుతో, బిగించిన చోటికి దగ్గరగా పట్టి కొద్దికొద్దిగా సర్దాలి. స్ప్రింగులు ఆనుకునే తెల్లటి మెట్ల దిమ్మ మీద నుంచి స్ప్రింగ్ లేచే క్షణంలో గేజ్ ఎన్ని గ్రాములు చూపిస్తుందో చదవాలి. ఆ రిలేకి ఇచ్చిన అడ్జస్ట్‌మెంట్ కార్డు ఏం చెబితే అంతే. ఎక్స్ఛేంజ్ నడిచిన రోజుల్లో ఈ పని ఎప్పుడూ జరుగుతూనే ఉండేది. మీరు చెప్పే "మొదటి చేతి పని" మీద ఎన్ని చేతులు పడ్డాయో మీకేం తెలుసు? ముట్టుకోవద్దన్న మాట పట్టుకుని చెడిపోయిన యంత్రాన్ని అద్దాల వెనక బొమ్మలా నిలబెట్టడం నేను చూశాను. నాకు కడుపు రగిలిపోయింది.

పాతతీగ:
అదీ అసలు సంగతి. మీకు అది నడవాలి. నాకు అది ఉన్నది ఉన్నట్టు మిగలాలి. ఎవరు ఎలా సర్దారో రేపు చూసేవాళ్లకు ఆ స్ప్రింగులు తప్ప వేరే ఆధారం లేదు.

యాభైవోల్టులు:
నడవని టెలిఫోన్ యంత్రం ఏం చెబుతుందండీ? పల్స్‌కి పల్స్‌కి మధ్య బి రిలే పట్టుకుని నిలబడటమే దాని పనితనం. అది కళ్లారా చూస్తేనే కదా అర్థమయ్యేది.

సెలెక్టర్_7:
చూశాను. డయల్ సెకనుకు 10, సరిగ్గానే ఉంది. బి రిలేలో ఒక స్ప్రింగ్ మధ్యలో వంపు తిరిగి ఉంది, రెండు వైపులా పట్టకారు పళ్ల గాట్లు. టెన్షన్ కార్డులో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. బిగించిన చోటికి దగ్గరగా పట్టి సర్ది కార్డుకి తెచ్చాను. తర్వాత 0 ఇరవైసార్లు తిప్పాను, ఒక్కసారి కూడా పడలేదు.

పాతతీగ:
సర్దకముందు ఆ గాట్లు ఫొటో తీశారా?

సెలెక్టర్_7:
తీశాను. పాత గ్రాముల లెక్క కూడా చీటీ మీద రాసి రిలే కవర్ లోపల పెట్టాను.

పాతతీగ:
మంచి పని చేశారు. ఎమరీతో రుద్దిన కాంటాక్టులు కూడా ఒకసారి భూతద్దం పెట్టి చూడండి.