మేఘాలకు, రసాయనాలకు ఉన్న పేర్లను తెలుగులోకి మార్చుకోవాలా?

పద్మ, ఎంవీపీ కాలనీ: ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి నిన్న సాయంత్రం రుషికొండ ఒడ్డున నిలబడి, సముద్రం మీద కమ్ముకొస్తున్న మబ్బును చూపించి ‘క్యుములోనింబస్’ అంది. మా అమ్మగారు దాన్నే కారుమబ్బు అనేవారు. శాస్త్రవేత్తలు పెట్టిన పేర్లను పిల్లలు ఉన్నవి ఉన్నట్టే నేర్చుకోవాలా, తెలుగు చేసుకోవాలా?

రసాయన మాస్టారు: ఉన్నవి ఉన్నట్టే నేర్చుకోవాలి. 1802లో లండన్‌లో ల్యూక్ హోవార్డ్ మబ్బులకు సిరస్, క్యుములస్, స్ట్రాటస్, నింబస్ అని లాటిన్ పేర్లు పెట్టాడు. అదే ఏడాది లామార్క్ ఫ్రెంచిలో పెట్టిన పేర్లు నిలవలేదు. రసాయనాల్లో ఈ అవసరం ఇంకా ఎక్కువ. ఇథనాల్ అనే మాటలో ‘ఇథ్’ అంటే రెండు కార్బన్లు, ‘ఆన్’ అంటే వాటి మధ్య ఏకబంధం, ‘ఆల్’ అంటే హైడ్రాక్సిల్ సమూహం కాబట్టి, పేరు వింటూనే అణువు బొమ్మ గీయవచ్చు. తెలుగు చేయబోయి మనం ఆక్సిజన్‌ను ఆమ్లజని అన్నాం. ఆక్సిజన్ అని పేరు పెట్టిన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లవోయిజే, ఆమ్లాలన్నిటిలో అది ఉంటుందని పొరబడ్డాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అది లేనే లేదు.

అప్పన్న, పెదజాలారిపేట: మాస్టారూ, గ్రీకు మూలాన్ని బట్టి ఆక్సిజన్ అన్నా ఆమ్లాన్ని పుట్టించేదనే అర్థం. తప్పు రెండు పేర్లలోనూ ఉంటే మీకు తెలుగులోనే కనిపించింది. తెలుగు మాధ్యమం నుంచి డిగ్రీలో చేరిన కొత్తలో, ప్రయోగశాలలో నేను హైడ్రోజన్‌ను ఉదజని అన్నందుకు తరగతంతా నవ్వింది. ఆ ఏడాది మళ్లీ నోరు విప్పలేదు.

కిరణ్, మధురవాడ: ఉదజని చక్కని మాట. నీటిని పుట్టించేదని పేరే చెబుతోంది.

రసాయన మాస్టారు: అప్పన్న గారూ, మీకు జరిగిన అవమానం బాధాకరమే గానీ, అది వాదం కాదు. గ్రీకు అర్థం మన పిల్లలకు తెలియదు కనుక ఆక్సిజన్ వట్టి గుర్తుగా మిగులుతుంది. ఆమ్లజని అనగానే తప్పు అర్థం మనసులో నాటుకుంటుంది.

అప్పన్న: మీరు ఆమ్లజనిని వదలరు. మా నాన్న బడికి వెళ్లలేదు. తెప్ప మీద ఉండగా, ఎత్తుగా లేచిన మబ్బు తల కమ్మరి దాగలిలా పరుచుకుంటే, వల లాగేసి ఒడ్డుకు తిరిగేవారు. అంతర్జాతీయ మేఘాల అట్లాసులో ఆ ఆకారం పేరు ‘ఇంకస్’, అంటే లాటిన్‌లో దాగలి. ఇద్దరూ చూసింది ఒకటే అయినప్పుడు వాళ్లది శాస్త్రమైంది, ఆయనది ఎందుకు కాలేదు?

రసాయన మాస్టారు: ఆయన చూసింది ఆయనతోనే పోతుంది కనుక. విశాఖలో కనిపించిన మబ్బును మరో దేశంలో కనిపించిన దానితో పోల్చడానికే 1896లో ఆ అట్లాసు తొలిసారి వెలువడింది.

అప్పన్న: ఆయనతోనే పోతుందా? ఆ మాట అనడానికి మీకు మనసెలా ఒప్పింది? నాన్న పోయి మూడేళ్లయింది, ఆయన చెప్పినవన్నీ నా దగ్గర ఉన్నాయి. రాసుకోవడానికి మా పేటకు ఎవరూ రాలేదు. నా బాధ లాటిన్ గురించి కాదు, ఎవరి చూపు లెక్కలోకి వస్తుందనే దాని గురించి.

గోపాలపట్నం వాసి: 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి లీకైన విషపూరిత స్టైరీన్ ఆవిరి మా వైపు కమ్మింది. ఆ పేరు మాకు తెల్లారాక టీవీలో తెలిసింది. అది గాలికంటే బరువని, నేలను అంటిపెట్టుకుని పాకుతుందని చాలా రోజుల తర్వాత చదివాను. మేం ఆ చీకట్లో పల్లం వైపే పరుగెత్తాం.

రసాయన మాస్టారు: అప్పన్న గారూ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. స్టైరీన్ క్రమబద్ధమైన పేరు ఇథెనైల్ బెంజీన్. ఆ పేరు నుంచే అణుభారం 104 అని, గాలి సగటు 29 కనుక ఆవిరి దానికి మూడున్నర రెట్లు బరువని లెక్క కట్టవచ్చు. ఇలాంటి లెక్కలు ముప్పై ఏళ్లు బోర్డు మీద చేయించాను. పల్లంలో నిలబడవద్దని మాత్రం ఏ పిల్లవాడికీ చెప్పలేదు. మీ నాన్నగారి మాటలు రాసి పంపండి, పక్కన అట్లాసు పేర్లు నేను చేరుస్తాను. ఆమ్లజనికి మాత్రం ఒప్పుకోను.

అప్పన్న: దాగలితో మొదలుపెడతాను. ఆయన మాట ముందుండాలి మాస్టారూ, అట్లాసు పేరు దాని పక్కన.